నీళ్ల మీద పచ్చటి తెట్టు కడితే ఏం చేయాలి? మనుషులకూ పెంపుడు జంతువులకూ జాగ్రత్తలు

"చెరువు నీళ్లు పచ్చగా మారాయి, పిల్లలు దిగొచ్చా?", "మా కుక్క ఆ నీళ్లు తాగేసింది, ఇప్పుడెలా?" ఎండలు ముదిరే కొద్దీ ఈ రెండు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రెండోది మీ ప్రశ్న అయితే, అదీ ఇప్పుడే జరిగి ఉంటే, ఇక్కడ చదవడం ఆపి నేరుగా 5వ అంశానికి వెళ్లండి. అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే.

మిగతావాళ్లు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ నీళ్లలో విషం ఉందో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. దీని మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా చెప్పలేరు. ఒకే చెరువు, ఒకే రంగు తెట్టు, ఒక వారం విషం ఉంటుంది, ఇంకో వారం ఉండదు. ఆ విషానికి రంగు, రుచి ఉండవు. అందుకే ఒడ్డున నిలబడి మనం తేల్చుకోగలిగింది ఒక్కటే: దిగాలా, వద్దా. అనుమానం వచ్చిందంటే దిగకూడదు. కింద రాసినదంతా ఈ ఒక్క నిర్ణయాన్ని సరిగ్గా, సమయానికి తీసుకోవడం కోసమే.

సిద్ధాంతం జోలికి ఎక్కువ వెళ్లను. మనం నాచు, పాచి అని పిలిచే ఈ తెట్టు చాలాసార్లు సయనోబాక్టీరియా, అంటే బడి పుస్తకాల్లో చదువుకున్న నీలి ఆకుపచ్చ శైవలాలు. నీళ్లు వేడిగా, కదలకుండా ఉండి, ఎరువుల నుంచో మురుగు నుంచో భాస్వరం, నత్రజని వచ్చి చేరితే ఇవి విపరీతంగా పెరుగుతాయి. వీటిలో కొన్ని జాతులు విషాలు తయారు చేస్తాయి. మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అనటాక్సిన్, సాక్సిటాక్సిన్ నరాల మీద పనిచేస్తాయి. సిలిండ్రోస్పెర్మాప్సిన్ కాలేయంతో పాటు మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. చేయాల్సిన పనులు అర్థం కావడానికి ఇంత తెలిస్తే చాలు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- రబ్బరు చేతి తొడుగులు
- పొడవాటి కర్ర
- మూత గట్టిగా పట్టే గాజు సీసా, పారేయడానికి పనికొచ్చేది
- ఇంటి నుంచి తెచ్చుకున్న శుభ్రమైన నీళ్లు. తాగడానికి వేరుగా, కడగడానికి కనీసం 5 లీటర్లు వేరుగా
- కుక్క తాగడానికి గిన్నె, మెడపట్టీకి కట్టే తాడు, పాత తువ్వాలు
- ఫోన్‌లో పశువైద్యుడి నంబర్, రాత్రిళ్లు కూడా తెరిచి ఉండే పశువైద్యశాల నంబర్

వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి చివరి రెండు నంబర్లు. జనం తరచుగా మరిచిపోయేది కూడా వాటినే.

1. ఒడ్డు నుంచే చూడండి

చూడటానికని నీళ్లలో కాలు పెట్టవద్దు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగిపోండి:

- పెయింటు ఒలికినట్టు నీళ్ల మీద పరుచుకున్న పొర. ఎక్కువగా ఆకుపచ్చగా, నీలి పచ్చగా ఉంటుంది. గోధుమ, ఎరుపు రంగుల్లోనూ ఉండొచ్చు.
- సన్నగా తరిగిన గడ్డి ముక్కల్లాంటివి, లేదా పచ్చటి నూక నీళ్లంతా తేలుతుండటం.
- ఒడ్డు దగ్గర లోతు లేకపోయినా అడుగు కనపడనంత చిక్కదనం.
- ఒడ్డు మీద ఎండి పెచ్చులు కట్టిన పచ్చటి లేదా గోధుమ రంగు పొర.
- చచ్చిన చేపలు, పక్షులు.

గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. తెట్టు గాలితో కొట్టుకుపోయి అవతలి ఒడ్డున పోగవుతుంది. మీరు నిలబడ్డ చోట నీళ్లు తేటగా ఉన్నాయంటే చెరువంతా బాగుందని అర్థం కాదు. గాలి మళ్లితే పొద్దున తేటగా ఉన్న ఒడ్డు సాయంత్రానికి పచ్చబడిపోతుంది.

తేట నీళ్లలోనూ ఒక ప్రమాదం ఉంది. నదుల్లో, వాగుల్లో రాళ్లకు అంటుకుని నల్లగానో ముదురు గోధుమ రంగులోనో దళసరి పొరలు పెరుగుతాయి. అవి ఊడి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వాటి వాసనకు కుక్కలు ఎగబడి తినేస్తాయి. న్యూజిలాండ్ నదుల్లోనూ, కాలిఫోర్నియాలోని ఈల్ నదిలోనూ కుక్కలు చనిపోయింది ఇలాంటి పొరల వల్లే. పారే నీళ్లు కదా, ఏం కాదులే అనుకోవద్దు.

2. అనుమానం ఉంటే రెండు చిన్న పరీక్షలు

*కర్ర పరీక్ష.* కర్రను తెట్టులో ముంచి పైకి తీయండి. పొడవాటి పోగులు జుట్టులా వేలాడితే అది చాలావరకు మామూలు నాచు. కర్రకు రంగు పూసినట్టు అంటుకుంటే సయనోబాక్టీరియా అని అనుమానించాలి. చిన్న చిన్న ఆకులు, వాటి కింద సన్నటి వేర్లు కనిపిస్తే అది నీటి మొక్క. దానితో ఈ భయం లేదు. కానీ ఆ మొక్కల మధ్యన కూడా తెట్టు దాగి ఉండొచ్చు.

*సీసా పరీక్ష.* తొడుగులు వేసుకుని సీసాలో ముప్పావు వంతు వరకు నీళ్లు పట్టండి. పైన పేరుకున్న తెట్టును మాత్రమే తీసుకోకుండా కాస్త కిందనున్న నీళ్లు కూడా రానివ్వండి. మూత బిగించి, బయటంతా తుడిచి, "విషం, తాగవద్దు" అని రాసి అంటించి, తినే వస్తువులకు దూరంగా ఒక సంచిలో పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. పొద్దున చూస్తే:

- పచ్చదనం పైకి తేలి వలయంలా పేరుకుంటే సయనోబాక్టీరియా కావడానికే ఎక్కువ అవకాశం.
- అడుగున పేరుకుంటే మామూలు నాచు అయ్యే అవకాశం ఎక్కువ.
- పైనా కిందా కాకుండా నీళ్లంతా పచ్చగానే ఉంటే ఏదీ తేలలేదని లెక్క. ప్రమాదం ఉందనే అనుకుని నడుచుకోండి, ఎందుకంటే సయనోబాక్టీరియాలో తేలకుండా నీళ్లంతా విస్తరించి ఉండే రకాలు కూడా ఉన్నాయి.

సీసాను రోజుల తరబడి మూతపెట్టి ఉంచవద్దు. లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు.

ఈ రెండు పరీక్షలూ జీవి ఏదో సూచిస్తాయి తప్ప విషం సంగతి చెప్పవు. ఫలితం బాగుందని పిల్లల్ని దింపడానికి వీటిని వాడకండి. ఫలితం చెడ్డగా వస్తే అందరినీ ఆపడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి.

3. మనుషులు దూరంగా ఉండాలి, ముఖ్యంగా కొందరు

ఈతకు, ఆటకు దిగవద్దు. పడవ నడిపేటప్పుడు లేచే తుంపర్లు పీల్చడం కూడా మంచిది కాదు. అందరికన్నా ప్రమాదం పిల్లలకే ఎక్కువ. వాళ్లు ఆడేది తెట్టు పేరుకునే లోతు తక్కువ ఒడ్డులోనే, ఆడుతూ మింగే నీళ్లూ ఎక్కువే, ఒంటి బరువేమో తక్కువ. కాలేయ జబ్బు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఒడ్డుకు కూడా దూరంగా ఉంటే మేలు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రానికి ఈ విషం కలిసిన నీళ్లు సరఫరా కావడంతో 50 మందికి పైగా రోగులు చనిపోయారు. నోటి ద్వారా కాకుండా నేరుగా రక్తంలోకి చేరింది కాబట్టే అంత ఘోరం జరిగింది. మీ ఇంట్లో డయాలసిస్ జరుగుతుంటే, నీటి వనరులో తెట్టు కనిపించిన రోజే కేంద్రానికి ఫోన్ చేసి చెప్పండి.

సముద్ర తీరంలోనైతే వేరే జీవులు, వేరే విషాలు. ఫ్లోరిడా తీరంలో వచ్చే ఎర్ర పోటుకు (సముద్రపు నీళ్లు ఎర్రబడటం) కారణమైన కరీనియా బ్రెవిస్ అనే సూక్ష్మ శైవలం విషం అలల తుంపర్లతో గాలిలోకి లేచి దగ్గు, కళ్ల మంట తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు అలాంటప్పుడు తీరం వదిలి వెళ్లిపోవాలి.

4. ఇంటికి వచ్చే నీళ్ల మీద అనుమానం ఉంటే

మీరు వాడే నీళ్లు తెట్టు కట్టిన చెరువు నుంచో జలాశయం నుంచో వస్తుంటే మరిగించవద్దు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఈ విషం మరుగుకు చెదరదు. పైగా సూక్ష్మజీవుల కణాలు పగిలి లోపలి విషం నీళ్లలోకి వస్తుంది, ఆవిరై నీళ్లు తగ్గే కొద్దీ విషం చిక్కబడుతుంది.

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది. ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీళ్లలో మైక్రోసిస్టిన్ కనిపించడంతో దాదాపు 4 లక్షల మందిని తాగవద్దన్నారు, మరిగించనూ వద్దన్నారు.

మామూలు వడపోత పాత్రలు, అతినీలలోహిత కిరణాల పరికరాలు, క్లోరిన్ బిళ్లలు, వీటిలో దేన్నీ నమ్ముకోవడానికి లేదు. కొన్ని రివర్స్ ఆస్మాసిస్ పరికరాలు విషాన్ని బాగా తగ్గిస్తాయి. మైక్రోసిస్టిన్ పేరుతో ధ్రువీకరణ ఉంటే తప్ప మీ పరికరం అలాంటిదే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితాంతం తాగే నీటికి పెట్టిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము మైక్రోసిస్టిన్, అంటే గ్రాములో పది లక్షలవ వంతు. కొద్ది రోజుల పాటు తాగే నీటికి 12, ఈత కొట్టే నీటికి 24 మైక్రోగ్రాములు. ఇంత తక్కువ మోతాదును నాలుకతో పసిగట్టడం అసాధ్యం.

మార్గం ఒక్కటే: వేరే చోటి నీళ్లు. సీసా నీళ్లు గానీ, చెరువుతో సంబంధం లేని లోతైన బోరు నీళ్లు గానీ వాడండి. పసిపిల్లల పాలు కలపడానికి, వంటకు, పళ్లు తోముకోవడానికి, మంచు ముక్కలకు, కుక్క గిన్నెకు, అన్నిటికీ అవే. ఫ్రిజ్‌లో పాత నీళ్లతో చేసిన మంచు ఉంటే పారబోయండి.

5. కుక్క తాగినా, ఈదినా, ఒడ్డున ఏదైనా తిన్నా

కుక్కలకు ప్రమాదం ఎందుకు ఎక్కువంటే, అవి ఈదుతూనే తాగుతాయి, బయటికొచ్చాక బొచ్చుకు అంటినదంతా నాకి మింగేస్తాయి.

1. వెంటనే నీళ్లలోంచి బయటికి తీసి తాడు కట్టండి.
2. తొడుగులు వేసుకుని శుభ్రమైన నీళ్లతో ముఖం, మూతి, కాళ్లు, పొట్ట కింద బాగా కడగండి. కడగడం పూర్తయ్యేవరకు నాకనివ్వవద్దు. నీళ్లు లేకపోతే తువ్వాలుతో గట్టిగా తుడిచి, అదే తువ్వాలు చుట్టి, మూతి పట్టుకుని కూర్చోండి. మళ్లీ చెరువు నీళ్లతో మాత్రం కడగవద్దు.
3. ఇంకొకరు పక్కన ఉంటే వాళ్లు ఈలోగా పశువైద్యుడికి ఫోన్ చేయాలి. ఎప్పుడు జరిగింది, సుమారు ఎంత తాగింది, తెట్టు ఏ రంగులో ఉంది, కుక్క బరువెంత, ఈ నాలుగూ చెప్పండి.
4. లక్షణాల కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి. నీళ్ల ఫోటో తీయడానికి ఆగాల్సి వస్తే వదిలేయండి.

నరాలను కొట్టే విషమైతే పావుగంటలోనే చొంగ కారడం, వణుకు, తూలడం, ఒళ్లు బిగుసుకోవడం, మూర్ఛ, ఊపిరాడకపోవడం మొదలవ్వొచ్చు. గంటలోపే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. కాలేయాన్ని కొట్టే విషమైతే కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకరోజు పైన పడుతుంది: వాంతులు, విరేచనాలు, నెత్తురు పడటం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం లేదా పసుపు పచ్చబడటం.

చేయకూడనివి: ఉప్పు నీళ్లు, నూనె పోసి వాంతి చేయించడం. వణుకుతూనో తూలుతూనో ఉన్న కుక్కకు వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉన్నప్పుడు నోట్లో చేయి పెట్టడం కూడా వద్దు. ఈ విషాలకు సూటిగా పనిచేసే విరుగుడు మందు లేదు. పశువైద్యుడు చేసేది విషం ఒంట్లోకి ఇంకా ఎక్కకుండా ఆపడం, ఊపిరి నిలబెట్టడం, మూర్ఛలు తగ్గించడం, కాలేయానికి ఆసరా ఇవ్వడం. ఎంత తొందరగా చేరితే అంత మంచిదని మొత్తుకునేది అందుకే.

కుక్క హుషారుగానే కనిపించినా చూపించండి, రెండు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండండి. కాలేయం దెబ్బతిన్న సంగతి మొదట రక్త పరీక్షలోనే తెలుస్తుంది. పిల్లికీ ఇదే పద్ధతి, అది ఒళ్లు నాక్కోవడంలో కుక్కను మించినది.

6. మనిషికి తగిలితే, మింగితే

సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో వెంటనే స్నానం చేయండి. ఈత బట్టల లోపల తెట్టు చిక్కుకుని దద్దుర్లు వస్తాయి కాబట్టి బట్టలు మార్చి, విడిగా ఉతకండి. దురద, కళ్ల మంట, గొంతు నొప్పి, దగ్గు, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చు. నీళ్లు మింగి వాంతులు మొదలైనా, పెదాల దగ్గర తిమ్మిరి, కండరాల బలహీనత, ఊపిరి ఇబ్బంది కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. "పచ్చ తెట్టు ఉన్న నీళ్లలో దిగాను" అని డాక్టరుకు మీరే చెప్పాలి. చెప్పకపోతే మామూలు కడుపు సమస్య అనుకునే అవకాశమే ఎక్కువ.

7. పశువులు, చేపలు

ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీళ్లు తాగి పశువులు చనిపోయిన వైనాన్ని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే నేచర్ పత్రికలో రాశారు. పశువులకు ఈ ముప్పు కొత్తదేమీ కాదు. 2020లో బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోతే, అక్కడి ప్రభుత్వం ఈ విషాలే కారణమంది.

తెట్టు ఉన్న ఒడ్డుకు కంచె కట్టి, తొట్టిలో వేరే నీళ్లు పెట్టండి. వేరే దారే లేకపోతే, తెట్టు కొట్టుకుపోయిన ఒడ్డుకు ఎదురుగా, గాలి వచ్చే వైపు నుంచి, ఉపరితలానికి బాగా కింద నుంచి తోడిన నీళ్లు కొంత నయం. ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు. తాగిన పశువు రెండు మూడు రోజుల్లో ఎండకు ఓర్వలేక నీడకే వెళ్తున్నా, తెల్లటి చర్మం ఎర్రబడి ఊడుతున్నా కాలేయం దెబ్బతిని ఉండొచ్చు. ఆకుకూరల మీద ఆ నీళ్లు చిమ్మకండి.

చేపల విషయానికొస్తే, చచ్చి తేలినవి ముట్టవద్దు. బతికున్నవాటిని పడితే పేగులు, కాలేయం తీసేసి, కండను శుభ్రమైన నీళ్లతో కడిగి వండాలి. తెట్టు దట్టంగా ఉన్నప్పుడు పట్టకపోవడమే నయం. నత్తలు, ఆల్చిప్పలు అసలు తినవద్దు, వాటిలో పేరుకున్న విషం వండినా పోదు.

తరచుగా జరిగే పొరపాట్లు

*"పక్కింటి కుక్క రోజూ తాగుతోంది, దానికేం కాలేదు."* తెట్టు చెరువంతా ఒకేలా ఉండదు. అడుగు దూరంలో విషం ఎన్నో రెట్లు మారుతుంది. ఆ కుక్కకు అదృష్టం కలిసొచ్చింది, అంతే.

*"చేపలు బతికే ఉన్నాయిగా."* చేపలు బతికి ఉండగానే కుక్కలు చనిపోయిన చెరువులున్నాయి. దీన్ని కొలబద్దగా పెట్టుకోకండి.

*"మందు చల్లాను, తేటపడింది."* ఇది నన్ను ఎక్కువ భయపెట్టే పొరపాటు. మైలుతుత్తం లాంటివి చల్లితే కణాలు ఒక్కసారిగా పగిలి, లోపలున్న విషమంతా నీళ్లలో కలుస్తుంది. నీళ్లు చూడటానికి బాగుపడిన ఆ రోజుల్లోనే ప్రమాదం పెరుగుతుంది. మీ సొంత కుంటలో తెట్టు రాకూడదంటే ఎరువులు, పేడ కొట్టుకురాకుండా గట్టు చుట్టూ వెడల్పుగా గడ్డి పెంచండి, నీళ్లు కదిలేలా చూడండి. ఫలితం ఆలస్యంగా వస్తుంది, కానీ నిలబడుతుంది.

*"ఎండిపోయింది కదా."* ఒడ్డున ఎండిన పెచ్చుల్లో విషం వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి నిలుస్తుంది. కుక్కలు కొరికేది వాటినే.

*"పరీక్ష పట్టీలో ఏమీ రాలేదు."* నీళ్లలో ముంచి విషం ఉందో లేదో చూసే ఆ పట్టీ ఏ విషానికి చేసినదో చూడండి. మైక్రోసిస్టిన్ పట్టీ అనటాక్సిన్‌ను పట్టలేదు. కణాలను ముందుగా పగలగొట్టే ద్రావణం వేయకపోతే లోపలున్న విషమూ దొరకదు.

మళ్లీ ఎప్పుడు దిగొచ్చు?

తెట్టు కనపడకుండా పోయిన రోజు దిగొద్దు. కణాలు చచ్చాక విషం నీళ్లలోనే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఉండిపోతుంది. ఆ నీటి వనరు మీద హెచ్చరిక బోర్డు పెట్టి ఉంటే, పెట్టినవాళ్లే తీసేవరకు ఆగండి. ప్రయోగశాల పరీక్ష ఒక్కసారి బాగా రాగానే సరిపెట్టుకోకుండా, మళ్లీ చేసినప్పుడు కూడా పరిమితి లోపే ఉందా అని అడగండి.

సొంత చెరువైతే మీరే నమూనా పంపాలి. తెట్టు ఎక్కువగా ఉన్న చోటు నుంచి ఒకటి, పిల్లలు దిగే చోటు నుంచి ఒకటి తీయండి. వెలుతురు తగలకుండా, ఐసు మీద పెట్టి, ఒకరోజు లోపు చేర్చండి. పంపే ముందే ప్రయోగశాలను రెండు ప్రశ్నలు అడగండి: ఏయే విషాలు చూస్తారు, కణాల లోపలి విషం కూడా లెక్కలోకి వస్తుందా? రెండో దానికి "రాదు" అంటే వేరే ప్రయోగశాల చూసుకోండి.

ఫలితాలు బాగా వచ్చాక కూడా మొదటిసారి కుక్కను తాడు విప్పకుండానే ఒడ్డంతా తిప్పండి. ఎండిన పెచ్చులు ఎక్కడైనా మిగిలి ఉంటే తొడుగులు వేసుకుని, వాటిని తడిపి, దుమ్ము లేవకుండా ఎత్తి సంచిలో కట్టి పారేయండి. తాగే నీళ్లు మాత్రం అప్పుడూ ఇంటి నుంచి తెచ్చిన గిన్నెలోవే.